హెవీ లైసెన్సు పరీక్షను లోడు బండి మీద, ఎత్తు మీద పెట్టండి: రవాణా శాఖ కమిషనర్లకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల రవాణా శాఖ కమిషనర్లకు,

నమస్కారం.

హెవీ లైసెన్సు శిక్షణలోను, పరీక్షలోను ఎప్పటి నుంచో ఉన్న ఒక లోటును మీ దృష్టికి తేవడానికి ఈ లేఖ రాస్తున్నాను. నేను క్లీనరుగా లారీ ఎక్కి, డ్రైవరునై, ఇప్పుడు విజయవాడ ఆటోనగర్ నుంచి సొంత బండ్లు తిప్పుకుంటున్నవాణ్ణి. కొన్నేళ్లుగా మా దగ్గరికి పనికి వస్తున్న కొత్త డ్రైవర్ల చేతిలో లైసెన్సు ఉంటోంది, బ్యాడ్జీ ఉంటోంది, స్కూలు ఇచ్చిన సర్టిఫికెట్టు కూడా ఉంటోంది. లోడుతో ఉన్న బండిని ఎత్తు మీద కదిలించడం, పల్లంలో గేరుతో అదుపు చెయ్యడం మాత్రం వారిలో చాలామందికి తెలియడం లేదు. తప్పు ఆ పిల్లలది కాదు. వారికి ఎవరూ నేర్పలేదు, పరీక్షలో ఎవరూ అడగలేదు.

ఇందుకు కొత్త చట్టమేదీ అక్కర్లేదని మొదటే మనవి చేస్తున్నాను. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 15వది డ్రైవింగ్ పరీక్షలో ఏమేమి చూడాలో విడమరచి చెప్పింది. రద్దీని బట్టి అభ్యర్థి టాప్ గేరు నుంచి త్వరగా కింది గేరులోకి రాగలగాలి. పల్లం దిగేటప్పుడు త్వరగా కింది గేర్లకు మారగలగాలి. నిటారు ఎత్తు మీద బండిని ఆపి, హ్యాండ్ బ్రేకును సరిగా వాడుకుంటూ, వెనక్కి జారకుండా మళ్లీ కదిలించగలగాలి. లారీ డ్రైవరుకు కావలసిన గేరు విద్య సారమంతా ఈ మూడు వాక్యాల్లో ఉంది. నేను చూసిన టెస్టు మైదానాల్లో మాత్రం ఎత్తూ లేదు, పల్లమూ లేదు. చదునైన నేల మీద, ఖాళీ లారీతో, మొదటి రెండు మూడు గేర్లు దాటకుండా ఒక చుట్టు తిరిగి, కొంత దూరం వెనక్కి వచ్చి దిగితే పరీక్ష అయిపోతోంది. బండి నిటారు ఎత్తు ముఖమే చూడనప్పుడు వెనక్కి జారిందో లేదో పరీక్ష చేసే ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు) గారు మాత్రం ఎలా చెప్పగలరు?

ఖాళీ బండికీ లోడు బండికీ ఉన్న తేడాను కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే నా అభ్యర్థన అంతా దాని మీదే నిలబడి ఉంది. 2018లో కేంద్రం బరువు పరిమితులు పెంచిన తరువాత ఆరు టైర్ల లారీ మొత్తం బరువు 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులకు, పది టైర్ల లారీది 25 నుంచి 28.5 టన్నులకు చేరింది. ఖాళీగా ఉన్నప్పుడు ఈ బండ్లు అందులో మూడో వంతు, అటూ ఇటుగా తూగుతాయి. ఖాళీ లారీని ఎవరైనా రెండో గేరులోనే ఎత్తుతారు, అది తప్పేమీ కాదు. క్లచ్ కొంచెం మోటుగా వదిలినా బండి ఒక్క కుదుపు కుదిపి సాగిపోతుంది. గేరు ఆలస్యంగా మార్చినా బ్రేకు నొక్కితే ఆగుతుంది. అంటే ఖాళీ బండి నేర్చుకునేవాడి పొరపాట్లన్నిటినీ కడుపులో దాచుకుంటుంది. లోడు పడిన మరుక్షణం అవన్నీ ఒక్కసారిగా బయటపడతాయి.

జగ్గయ్యపేట వైపు నుంచి సిమెంటు లోడుతో వస్తున్న పది టైర్ల లారీలో ఈమధ్య ఒక కొత్త కుర్రాడి పక్కన కూర్చున్నాను. వంతెన ఎక్కే దగ్గర ట్రాఫిక్ ఆగి, మా బండి ఎత్తు మధ్యలో నిలబడిపోయింది. ముందు బండి కదలగానే అతను అలవాటుగా రెండో గేరు వేసి, హ్యాండ్ బ్రేకు వదిలేసి, యాక్సిలరేటరు తొక్కి రేజు పెంచి, హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెట్టాలని చూశాడు. ఇంజిను గొంతు దిగిపోయింది, క్యాబిను వణికింది, క్లచ్ ప్లేటు మాడిన వాసన పైకి వచ్చింది, బండి వెనక్కి జరగడం మొదలుపెట్టింది. నేను హ్యాండ్ బ్రేకు లాగాను. వెనక ఆటో ఉంది. "స్కూల్లో ఎప్పుడూ రెండోదే వెయ్యమన్నారు బాబాయ్" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. ఆ స్కూలు లారీలో ఎప్పుడూ ఒక్క బస్తా కూడా లేదు.

అక్కడ చెయ్యవలసినదాన్ని ఒక పూటలో నేర్పవచ్చు. హ్యాండ్ బ్రేకు మీదే బండిని ఉంచి, మొదటి గేరో, ఉంటే దానికంటే కింది క్రాలర్ గేరో వేసి, కాస్త రేజు ఇస్తూ క్లచ్‌ను నెమ్మదిగా పైకి వదలాలి. ప్లేటు పట్టుకునే చోట ఇంజిను శబ్దం బరువెక్కుతుంది, బండి ముందుకు పోవాలని ఒత్తుతుంది. అప్పుడు మాత్రమే హ్యాండ్ బ్రేకు వదిలి, కదలగానే క్లచ్ మీది నుంచి కాలు పూర్తిగా తియ్యాలి. ఆ శబ్దాన్ని చెవి, ఆ ఒత్తిడిని ఎడమకాలు గుర్తుపట్టాలి. లోడు లేని బండి ఆ శబ్దం చెయ్యదు కాబట్టి దాని మీద ఎన్నాళ్లు తిరిగినా ఈ గుర్తుపట్టడం రాదు. రాకపోతే నష్టం క్లచ్ సెట్టుతోనే పోదు. వెనకనున్నది ఆటోనో, మోటారు సైకిలో అయితే ప్రాణాలే పోతాయి.

ఎత్తు ఎక్కడం కంటే పల్లం దిగడం ఇంకా పెద్ద సంగతి. శ్రీశైలం వెళ్లే నల్లమల దారి, చిత్తూరు జిల్లా మొగిలి ఘాట్, తిరుపతి దగ్గరి భాకరాపేట ఘాట్, మారేడుమిల్లి నుంచి చింతూరు దిగే దారి, సాలూరు మీదుగా ఒడిశా పోయే ఘాట్, నిర్మల్ దగ్గరి మహబూబ్ ఘాట్: ఈ పేర్లు మీకు ప్రమాదాల నివేదికల్లో తెలిసి ఉంటాయి, మాకు చేతులకూ కాళ్లకూ తెలుసు. ఘాట్ దిగేటప్పుడు బండిని పట్టి ఉంచవలసింది ఇంజిను. బ్రేకు దానికి తోడు మాత్రమే. కింది గేరులో ఉన్నంతసేపు చక్రాలు ఇంజినును తిప్పవలసి వస్తుంది, ఆ తిప్పడానికి ఇంజిను ఎదురు తిరుగుతుంది, ఎగ్జాస్ట్ బ్రేకు వేస్తే పొగ బయటికి పోయే దారి మూసుకుని ఆ ఎదురుబలం ఇంకా పెరుగుతుంది. గేరు న్యూట్రల్‌లో ఉంటే ఈ రెండూ ఉండవు, ఎగ్జాస్ట్ బ్రేకు బటను ఉన్నా లేనట్టే. అప్పుడు ఆ టన్నుల బరువంతా బ్రేకు డ్రమ్ముల మీద పడుతుంది. మలుపు మలుపుకూ బ్రేకు నొక్కుతూ పోతే లైనింగు కాగి పట్టు కోల్పోతుంది, డ్రమ్ము వేడికి ఉబ్బి షూకు అందకుండా జరుగుతుంది. లారీ బ్రేకు గాలి ఒత్తిడితో పనిచేసేది, అదే సమయంలో కంప్రెసరు నింపే గాలి కంటే పెడలు వాడే గాలి ఎక్కువైతే గేజీలో ముల్లు పడిపోతుంది. బ్రేకు ఫెయిలయిందని మరునాడు పత్రికల్లో రాస్తారు. బండి బయలుదేరినప్పుడు బ్రేకులు బాగానే ఉండి ఉంటాయి, గేరు లేకుండా కొండ దింపడం వల్ల అవి దారిలో చనిపోయి ఉంటాయి.

మరి డ్రైవరు అప్పుడు కింది గేరు వెయ్యలేడా అని అడగవచ్చు. వెయ్యలేడు. బండి వేగం పెరిగిపోయాక నాలుగో గేరు నుంచి తీసిన గేరు రాడు మూడో గేరులో పడదు, తిరిగి నాలుగులోనూ పడనని మొరాయిస్తుంది, మధ్యలో న్యూట్రల్‌లో చిక్కుకుంటుంది. అందుకే పాతవాళ్లు "ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు" అని చెప్పేవారు, ఆ గేరును పల్లం మొదలు కాకముందే, బండి ఇంకా మన మాట వింటున్నప్పుడే వేయించేవారు. డబుల్ క్లచ్ కూడా అలా నేర్పిందే. క్లచ్ నొక్కి రాడును న్యూట్రల్‌లోకి తేవడం, క్లచ్ వదిలి ఒక్క రేజు ఇచ్చి ఇంజిను చుట్లు పెంచడం, మళ్లీ క్లచ్ నొక్కి కింది గేరులోకి జార్చడం. గేరు బాక్సుల్లో గేరు సాఫీగా పడేలా చేసే సింక్రో రింగులు వచ్చాక దీని అవసరం లేదని అంటారు. కొత్త బండికి ఆ మాట నిజమే. లక్షల కిలోమీటర్లు తిరిగి రింగులు అరిగిన బండిని, లోడుతో, ఘాట్ మీద కొత్త డ్రైవరు చేతికి ఇచ్చినప్పుడు డబుల్ క్లచ్ తప్ప దిక్కు లేదు. మన రోడ్ల మీద తిరిగే లారీల్లో అటువంటి బండ్లు తక్కువేమీ లేవు.

న్యూట్రల్‌లో దింపితే డీజిలు మిగులుతుందన్న నమ్మకం డ్రైవర్లలోనూ యజమానుల్లోనూ ఇప్పటికీ ఉంది. మైలేజీ తగ్గితే జీతంలో కోస్తామనే యజమానులు ఈ అలవాటును పెంచి పోషిస్తున్నారు. గేరులో ఉండి, యాక్సిలరేటరు మీది నుంచి కాలు తీసేసి పల్లం దిగుతుంటే నేటి ఇంజినుకు డీజిలు సరఫరా దాదాపుగా ఆగిపోతుంది, ఎందుకంటే చక్రాలే దాన్ని తిప్పుతుంటాయి. న్యూట్రల్‌లో ఉంటే ఇంజిను ఆగిపోకుండా తనంతట తాను తిరగడానికి డీజిలు తాగుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి వస్తున్న బీఎస్-6 కాలుష్య ప్రమాణాల బండ్లన్నిటిలోనూ ఇంధనాన్ని ఎలక్ట్రానిక్ యూనిటే నియంత్రిస్తుంది కాబట్టి ఇది ఇంకా ఖాయం. అంటే ప్రాణాల మీదికి తెచ్చుకుని మిగుల్చుకునేది ఏమీ లేదు. శిక్షణ తరగతిలో ఈ ఒక్క విషయాన్ని డీజిలు లెక్కతో సహా చెప్పించినా చాలామంది వింటారు, ప్రాణం కంటే డీజిలు లెక్క మా రంగంలో త్వరగా ఎక్కుతుంది.

ఒకప్పుడు ఈ చదువంతా మీ శాఖతో పని లేకుండానే జరిగేది. క్లీనరుగా చేరిన కుర్రాడు ఏళ్ల తరబడి డ్రైవరు పక్కన కూర్చుని, టైర్లు కొట్టి చూస్తూ, తాళ్లు బిగిస్తూ, ఏ ఘాట్‌లో ఏ గేరు ఎక్కడ పడుతుందో చెవితో నేర్చుకునేవాడు. రాత్రి రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు డ్రైవరు స్టీరింగ్ ఇచ్చేవాడు, తప్పు చేస్తే ఇచ్చేది ఇచ్చేవాడు. అది చట్టబద్ధం కాదు, అందులో కష్టాలూ అవమానాలూ చాలా ఉండేవి, దాన్ని తిరిగి తెమ్మని నేను అడగను. ఇప్పుడు చాలా బండ్లలో క్లీనరే లేడు. కిరాయిలు గిట్టక యజమానులు ఆ జీతం మిగుల్చుకుంటున్నారు, కుర్రాళ్లు కూడా ఆ పనికి రావడం లేదు. పాత బడి మూతపడింది. దాని స్థానంలో ఉన్నది మీరు అనుమతించిన డ్రైవింగ్ స్కూలు ఒక్కటే, అందుకే అది ఏం నేర్పుతోందో చూడవలసిన బాధ్యత మునుపటి కంటే ఎక్కువగా మీ మీద పడింది.

స్కూళ్ల విషయంలో కూడా నిబంధన గట్టిగానే ఉంది. రవాణా వాహనాల శిక్షణ 30 రోజులకు తగ్గకూడదని, అందులో అభ్యర్థి స్వయంగా బండి నడిపే సమయం 15 గంటలకు తగ్గకూడదని 31వ నిబంధన చెబుతోంది. ఎవరు ఎన్ని గంటలు నడిపారో రాయడానికి ఫారం 15 అనే రిజిస్టరు ఉంది. స్కూలు బండికి శిక్షకుడు ఆపగలిగేలా డ్యూయల్ కంట్రోల్ ఉండాలి. ఇవి కాగితం మీద సరిపోతున్నాయి. ఒకే లారీలో నలుగురైదుగురిని ఎక్కించి, వంతులవారీగా ఒక్కొక్కరికి పది నిమిషాలు స్టీరింగ్ ఇస్తే 30 రోజుల్లో 5 గంటలే అవుతుంది, ఆదివారాలు తీసేస్తే అదీ కాదు. రిజిస్టరులో మాత్రం 15 గంటలు నిండుతాయి. ఫారం 15ను బండి జీపీఎస్ రికార్డుతోనో, డీజిలు బిల్లులతోనో పక్కపక్కన పెట్టి చూస్తే లెక్క తేలడానికి ఎంతోసేపు పట్టదు. 2021 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన అక్రెడిటెడ్ శిక్షణ కేంద్రాల్లో భారీ వాహనాలకు ఆరు వారాల్లో 38 గంటల కోర్సు పెట్టారు, రెండెకరాల స్థలం ఉండాలన్నారు, సిమ్యులేటరు ఉండాలన్నారు. మంచిదే. అయితే అక్కడ ఉత్తీర్ణులైనవారికి ఆర్టీవో కార్యాలయంలో మళ్లీ డ్రైవింగ్ పరీక్ష ఉండదు కాబట్టి ఆ కేంద్రంలో లోడు బండి ఉందా, వాలు ఉందా అన్నది ఇంకా జాగ్రత్తగా చూడాలి. మంచులో, వానలో చూపు ఎలా ఉంటుందో సిమ్యులేటరు చూపగలదు. ప్లేటు మాడుతున్న వాసన దాని నుంచి రాదు.

లైసెన్సుల వర్గీకరణలో ఉన్న ఒక విచిత్రాన్ని కూడా చెప్పాలి. 1988 మోటారు వాహనాల చట్టంలోని 10వ సెక్షను గేరు లేని మోటారు సైకిలును, గేరు ఉన్న మోటారు సైకిలును వేరు వేరు తరగతులుగా చూస్తుంది. స్కూటీ లైసెన్సుతో గేరు బండి నడిపితే తప్పు. కార్లకూ లారీలకూ వచ్చేసరికి ఆ పట్టింపే లేదు. ఆటోమేటిక్ కారులో పరీక్ష ఇచ్చి ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సు తీసుకున్న యువకుడు ఏడాది గడిచి, 20 ఏళ్లు నిండితే రవాణా వాహనానికి ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్స్ లైసెన్సు) తీసుకోవచ్చు. అంటే జీవితంలో ఒక్కసారి కూడా క్లచ్ నొక్కకుండా లారీ మెట్టు ఎక్కవచ్చు. ఆటోమేటిక్ కార్లు, విద్యుత్ కార్లు పెరుగుతున్నకొద్దీ ఇటువంటివారు పెరుగుతారు. పైగా ఎల్‌ఎంవీ లైసెన్సు ఉన్నవారు మొత్తం బరువు 7,500 కిలోలు దాటని రవాణా వాహనాన్ని కూడా నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తీర్పు చెప్పింది. ఆ తీర్పు వల్ల ఎందరో చిన్న డ్రైవర్లకు బీమా వివాదాల్లో ఊరట దొరికింది, దాన్ని నేను తప్పు పట్టడం లేదు. అయితే ఆటోమేటిక్ కారు లైసెన్సుతో ఏడు టన్నుల గేరు బండి ఎక్కే దారి చట్టప్రకారమే తెరిచి ఉందన్న సంగతిని మీ శాఖ గమనించాలి. అమెరికాలో ఆటోమేటిక్ లారీలో పరీక్ష ఇచ్చినవారి వాణిజ్య లైసెన్సు మీద మాన్యువల్ లారీ నడపరాదన్న ఆంక్షను ముద్రిస్తారు. యూఏఈలో కార్ల లైసెన్సుల్లోనే ఆటోమేటిక్, మాన్యువల్ తేడా ఉంది, కరీంనగర్ నుంచో కడప నుంచో డ్రైవరు పనికి గల్ఫ్ వెళ్లిన ఏ కుటుంబాన్ని అడిగినా చెబుతుంది.

రేపు లారీలన్నీ ఆటోమేటిక్ అవుతాయి, ఇప్పుడు ఈ గొడవ ఎందుకని మీ అధికారులు కొందరు అనవచ్చు. గేర్లు వాటంతట అవే మారే ఏఎంటీ లారీలు మన దేశంలో తయారవుతున్నాయి, అమ్ముడవుతున్నాయి. కానీ చిన్న యజమాని కొనేది ధర తక్కువైన గేరు బండినే, లేదంటే ఎవరో వాడి అమ్మిన సెకండ్ హ్యాండ్ బండిని. ఈరోజు షోరూం నుంచి బయటికి వచ్చిన గేరు లారీ ఇంకో పదిహేనేళ్లు ఎవరో ఒకరి చేతిలో తిరుగుతూనే ఉంటుంది. ఏఎంటీ బండిలోనైనా ఘాట్ దిగేటప్పుడు గేరును చేత్తో ఎంచుకుని నిలిపి ఉంచవలసింది డ్రైవరే. గేరు అంటే ఏమిటో తెలియనివాడికి ఆ మీట ఎందుకుందో తెలియదు.

గేరు బాక్సులు కూడా ఒక్కలా లేవు. స్కూలు లారీ సాధారణంగా పాత ఆరు గేర్ల బండి. పెద్ద లోడు బండ్లలో క్రాలరుతో కలిపి తొమ్మిది గేర్లు ఉంటాయి. నాలుగు నుంచి ఐదుకు పోవాలంటే న్యూట్రల్‌లో రాడును కుడివైపు గట్టిగా నెట్టి అవతలి వరుసలోకి దాటించాలి, గాలి ఒత్తిడితో రేంజి, అంటే కింది గేర్ల జట్టు నుంచి పై గేర్ల జట్టుకు, మారుతుంది. తిరిగి కిందికి వచ్చేటప్పుడు వేగం తగ్గకుండా ఆ వరుస దాటించబోతే లోపల పళ్లు అరుస్తాయి, గేరు పడదు. ఆరు గేర్ల బండి మీద నేర్చినవాడు రాత్రివేళ దీని మీద కూర్చుని మూడో గేరు అనుకుని ఏడులోకి తోయడం నేను చూశాను.

మీ నుంచి కోరేవి మీ అధికార పరిధిలో ఉన్నవే. హెవీ పరీక్షలో కనీసం ఒక భాగం, అనుమతించిన బరువులో సగమైనా లోడు ఉన్న బండి మీద జరగాలి. ఇసుక బస్తాలు చాలు, వాటిని ఒకసారి నింపి కట్టేస్తే ఏడాదంతా ఉంటాయి. ప్రతి టెస్టు మైదానంలోను లోడు లారీ ఆగి కదలడానికి సరిపోయే ఒక వాలు కట్టించండి. స్థలం లేనిచోట దగ్గరలోని వంతెన అప్రోచ్‌నో, ఊరి బయటి ఎత్తునో, రద్దీ లేని వేళ చూసి పరీక్షకు నిర్ణయించవచ్చు. ఘాట్లు ఉన్న జిల్లాల్లో స్కూలు సర్టిఫికెట్టు ఇచ్చేముందు శిక్షకుడు పక్కన ఉండగా ఒక్కసారైనా లోడు బండిని గేరు మీద ఘాట్ దింపించాలన్న షరతు పెట్టండి. పరీక్ష ఇచ్చిన బండి మాన్యువలా, ఆటోమేటికా అన్నది లైసెన్సు మీద ముద్రించడానికి చట్టం మారాలంటే కేంద్రానికి రాయండి. ఈలోగా కనీసం కార్యాలయం రికార్డులో నమోదు చేయించండి.

నేర్పేవారి కొరత ఉందని వింటున్నాను. ఘాట్ రూట్లలో సర్వీసు చేసి రిటైరైన ఆర్టీసీ డ్రైవర్లు ప్రతి డిపో ఊరిలోనూ ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆర్టీసీ తన డ్రైవింగ్ స్కూళ్లలో బయటి యువకులకూ హెవీ నేర్పుతోంది, సిరిసిల్ల దగ్గర మండేపల్లిలో తెలంగాణ ప్రభుత్వ శిక్షణ సంస్థ ఉంది. బస్సు మీద నేర్చిన చెయ్యి కొంత పనికొస్తుంది కానీ ప్రయాణికుల బరువు వేరు, ఇరవై టన్నుల గ్రానైటు బరువు వేరు, కాబట్టి ఆ సంస్థల్లోనూ సరుకు లారీని, సరుకుతోనే వాడమని కోరుతున్నాను. లారీ డ్రైవరు సౌకర్యం కోసం 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే బండ్లకు ఏసీ క్యాబిను తప్పనిసరి చేశారు, మేము సంతోషించాం. శిక్షణకు అయ్యే ఖర్చు దానితో పోలిస్తే పెద్దది కాదు.

ఇసుక బస్తాలకూ డీజిలుకూ బడ్జెట్టు లేదన్న జవాబు వస్తే మా వైపు నుంచి ఒక మాట. కిరాయి దొరక్క ఆటోనగర్‌లో నిలబడి ఉండే రోజుల్లో నా బండ్లలో ఒకదాన్ని, అరిగిన సింక్రో రింగులతో సహా, లోడు వేసి మీ ఎంవీఐ గారు చెప్పిన చోటికి చెప్పిన వేళకు పంపుతాను. ఇన్సూరెన్సు ఎవరిదన్నది మాత్రం ముందుగా రాతపూర్వకంగా తేల్చండి.

ఇట్లు,
ఒక లారీ యజమాని, పాత డ్రైవరు
ఆటోనగర్, విజయవాడ